నంబరు లేని పేరు

కంప్యూటర్ గది, ఆసుపత్రి రెండో అంతస్తు
ఎండలు ముదిరిన రోజులు

వదినకు,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. చేతిలో ఫోన్ ఉండగా ఇదేం వేషం అనుకుంటావేమో. మొన్న నువ్వే అన్నావు కదా, పక్షవాతం వచ్చాక ఫోన్లో మాటలు అన్నయ్యకు అందేలోపే దాటిపోతున్నాయని, కాగితం మీద పెద్దక్షరాలు పెడితే మాత్రం చాలాసేపు వాటి వంకే చూస్తున్నాడని. మాటలు నేర్పే డాక్టరమ్మ కూడా ఇంట్లోవాళ్ళను ఉత్తరాలు రాయమందని చెప్పావు. నిజం చెప్పాలంటే నాకూ ఇదే నయం. "ఇదిగో, మీ అన్నయ్య చెవి దగ్గర పెడుతున్నా, మాట్లాడు" అని నువ్వు అంటావు. అటువైపు ఊపిరి ఒక్కటే వినిపిస్తుంటే ఏదో వాగేసి పెట్టేస్తున్నాను. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను.

సరే, అసలు సంగతి. అన్నయ్య ప్రోగ్రాం నా నెత్తిన పడింది.

నీకు తెలిసిందే. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడుతున్న గుండెజబ్బు వాళ్ళు పొద్దున్నే వేలికి క్లిప్పు పెట్టుకుని, అందులో కనిపించే ఆక్సిజన్ నంబరును మనకు మెసేజ్ చేస్తారు. వాటన్నిటినీ పోగేసి, నర్సుల వ్యాను ఎవరింటికి ముందు వెళ్ళాలో వరసగా పేర్లు అచ్చువేసి ఇచ్చేది అన్నయ్య ప్రోగ్రామే. నంబరు ఎంత తక్కువైతే పేరు అంత పైన. దాన్ని పెర్ల్ అనే భాషలో రాశాడు మహానుభావుడు. ఇప్పుడా పాత సర్వర్ తీసేస్తున్నారు. వానలు మొదలయ్యేలోపు మొత్తం కొత్త కంప్యూటర్ భాష అయిన పైథాన్‌లోకి మార్చి పెట్టాలట. "మీ అన్నయ్య రాసిందే కదమ్మా, నీకు నల్లేరు మీద బండి నడక" అన్నాడు మా ఆఫీసరు. ఆ బండి ఏదో ఆయన్నే తోలమనాల్సింది.

ఎందుకంటే అన్నయ్య ఎక్కడా ఒక్క ముక్క వివరణ రాయలేదు. ఇది ఎందుకు ఇలా చేశావురా అని ఎవరడిగినా "చదివితే తెలుస్తుంది" అనేవాడు గుర్తుందా? చదువుతూనే ఉన్నాను. ఒక పేజీ దాటేసరికి తలప్రాణం తోకకు వస్తోంది. అందుకే అర్థం కాని చోట్లను పెద్దక్షరాల్లో అచ్చు తీసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. నువ్వు అన్నయ్య ముందు పెట్టు. వాడు ఏం చెప్తే అది రాయి.

ఈసారికి రెండు సందేహాలు. పెర్ల్‌లో "అన్‌లెస్" అని ఒక మాట ఉంది, మనం "తప్ప" అన్నట్టు. "కోలుకున్నాననో ఊరెళ్తున్నాననో కబురు వస్తే తప్ప పేరు తీసెయ్యకు" అని రాశాడు. పైథాన్‌లో ఆ మాట లేదు, తిప్పి రాయాలి. తిప్పేటప్పుడు అర్థం తలకిందులైతే నా పని గోవిందా. రెండోది ఇంకా ఘోరం. పెర్ల్‌లో చేతిలో ఉన్న వస్తువుకు పేరు పెట్టక్కర్లేదు, ఊరికే "అది" అనేస్తే చాలు. అన్నయ్య పేజీ నిండా "అది తీసుకో, అది కత్తిరించు, అది పక్కన పెట్టు" అని రాసుకుపోయాడు. పైథాన్‌లో ప్రతి దానికీ పేరు చెప్పి తీరాలి. ఎక్కడి "అది" ఏదో వాడికే తెలియాలి.

జవాబు కోసం ఎదురు చూస్తుంటాను. అన్నయ్య ఎడమ చేతిని ఒకసారి నా బదులు గట్టిగా పట్టుకో.

నీ ఆడపడుచు,
బుల్లి

* * *

పునరావాస వార్డు, కిటికీ పక్క మంచం
మధ్యాహ్నం

బుల్లికి, వదిన రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యకు దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. బండి తోలే ముక్క దగ్గర పెదవి ఎడమవైపు కొంచెం కదిలింది. అది నవ్వే. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆయన నవ్వు నాకు తెలియదా?

నీకొక మంచిమాట చెప్పాలి. ఆయనకు ఒక మాట తిరిగి వచ్చింది. ఏమిటో చెప్తే నువ్వు నమ్మవు. "అదీ". అంతే, ప్రస్తుతానికి ఆ ఒక్కటే. దాహం వేసినా అదీ, కిటికీ వెయ్యమన్నా అదీ, నేను వాలంటీరమ్మతో ఎక్కువసేపు మాట్లాడుతుంటే విసుగొచ్చినా అదీ. నీ రెండో ప్రశ్నే చూడు. ఆయన ప్రోగ్రాములోనూ అదే మాట, నోట్లోనూ అదే మాట. నేను ఇప్పుడు నీ పైథాన్‌లాగే ప్రతి అదికీ పేరు పెడుతూ బతుకుతున్నాను. గ్లాసా? దుప్పటా? నర్సమ్మా? పేరు సరిగ్గా తగిలితే కళ్ళు మూస్తారు. తగలకపోతే మళ్ళీ అదీ.

నీ కాగితాలు ఒక్కొక్క వరసే వేలితో చూపిస్తూ అడిగాను. కింద నీకు తెలిసేలా రాస్తున్నాను. మొదటి పేజీలో అది అంటే వచ్చిన మెసేజ్. రెండో పేజీలో సగం దాకా మనిషి పేరు, అక్కణ్ణించి నంబరు. "తప్ప" సంగతికి నువ్వు భయపడక్కర్లేదు. కబురు రాకపోతే పేరు ఉంచు, వస్తే తీసెయ్యి, అంతే అన్నారు. అన్నారు అంటే, నేను అడిగాను, ఆయన కళ్ళు మూశారు.

నేను లెక్కల టీచర్నే గాని కంప్యూటర్ దాన్ని కాదు. నా బడి సెలవుల్లో ఆయన నాకు కాస్త నేర్పబోయి, నేను ప్రతి వాక్యానికీ "ఎందుకు?" అంటే దండం పెట్టి ఊరుకున్నారు. ఇప్పుడు పనికొస్తోంది చూడు.

నువ్వొకసారి వచ్చి కనబడితే బాగుంటుంది. మొదటివారం వచ్చి వెళ్ళావు, మళ్ళీ రాలేదు. పని ఉంటుందని తెలుసు. వీలు చూసుకో.

మీ వదిన

* * *

కంప్యూటర్ గది
తొలి మబ్బు పట్టిన రోజు

వదినా,

నువ్వు చెప్పిన పేర్లు పెట్టాను, పేజీలకు పేజీలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. అన్నయ్య బుర్ర ఎక్కడికీ పోలేదు వదినా. నేను ఆఫీసులో అందరికీ చెప్పాను. పెద్ద సిస్టరమ్మ, అంటే ఇళ్ళకు వెళ్ళే నర్సులందరికీ పెద్దావిడ, చేతిలో ట్రే పక్కన పెట్టి మరీ విన్నది. మా ఆఫీసరు "అయితే వచ్చే ఏడాదికి సీట్లోకి వచ్చేస్తాడన్నమాట" అన్నాడు. అన్నయ్య కుర్చీలో నేను కూర్చోవడం లేదు. నాదే వేరేది తెచ్చుకున్నాను.

నీకు రాయాలా వద్దా అనుకున్న సంగతి ఒకటుంది, రాసేస్తాను. ఫైలు తెరవడం కుదరకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి పెర్ల్‌లో ఒక మాట ఉంది: "తెరువు, లేకపోతే చచ్చిపో." ఆగిపొమ్మని దాని భావం, అంతకు మించి ఏమీ లేదు. అన్నయ్య ప్రోగ్రాములో అది అడుగడుక్కీ ఉంది. ఆ పేజీలు నీకు పంపడానికి మనసొప్పలేదు. పైథాన్‌లో అదే పనికి వాడే మాటకు "పైకెత్తు" అని అర్థం. ఒక్కొక్క చోటా పాతది కొట్టేసి కొత్తది పెడుతుంటే నాకు ఏదో పుణ్యం చేసినట్టు అనిపించింది. నవ్వకు.

ఇంక చివరి చిక్కు. పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడిపి చూస్తున్నాను. రెండూ ఒకే వరస ఇస్తున్నాయి. కానీ నిన్న ఒక పెద్దాయన నంబరు పంపలేదు. ఫోన్ చార్జింగ్ అయిపోయిందట, మనిషి నిక్షేపంగా ఉన్నాడు. పాత ప్రోగ్రాం ఆయన పేరును అందరికంటే పైన పెట్టింది. కొత్తదేమో అక్కడే మొరాయించి కూర్చుంది. కారణం ఏమిటంటే, ఖాళీ ఎదురైతే పెర్ల్ మారుమాట్లాడకుండా దాన్ని సున్నా కింద లెక్కేసుకుని ముందుకు పోతుంది. పైథాన్ మొండిది, ఖాళీని నంబరుతో పోల్చనంటే పోల్చనంటుంది. ఏం చెయ్యాలో నువ్వే తేల్చమంటుంది.

ఆక్సిజన్ సున్నా అని ఉంటే ఆ మనిషి మనకు దక్కనట్టే కదా. అలా లెక్కెయ్యడం నాకు తప్పనిపిస్తోంది. ఇది అన్నయ్య చూసుకోకుండా జరిగిన పొరపాటా? లేక కావాలనే అలా వదిలాడా? నంబరు లేని పేర్లను తీసేసి, ఉన్నవాళ్ళను మాత్రం వరసపెట్టనా? ఆ పేజీ అన్నిటికంటే పెద్దక్షరాల్లో అచ్చు తీశాను. ఇది మాత్రం వాణ్ణి జాగ్రత్తగా అడుగు వదినా. ఈ జవాబు వస్తే పాతది ఆపేసి కొత్తది నడిపేస్తాను.

రావాలనే ఉంది. ఈ పని ఒక కొలిక్కి రానీ.

బుల్లి

* * *

పునరావాస వార్డు
సాయంత్రం, ఫిజియోథెరపీ అయ్యాక

బుల్లికి,

మీ ఆఫీసులో వాళ్ళ మాటలు ఆయనకు చదివి వినిపించాను. వచ్చే ఏడాది అన్న ముక్క రెండుసార్లు చదివాను.

ఇక్కడ బొమ్మలు చూపించి పరీక్షలు పెడుతున్నారు. బాగానే జరుగుతున్నాయి. డాక్టర్లు మంచివాళ్ళు.

నీ చివరి చిక్కు సంగతి. ఖాళీని సున్నా అనుకోవడం తప్పే. సున్నా వేరు, లేకపోవడం వేరు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న పిల్లవాడి మార్కు క్లాసు సగటులో కలుపుతాం. అసలు పరీక్షకు రాని పిల్లవాణ్ణి కలపం, వాడి పేరు ఎదురుగా గీత పెట్టి వదిలేస్తాం. అలాగే నంబరు లేని పేర్లు వదిలెయ్యమన్నారు. పాతదాంట్లో పొరపాటే అయివుంటుంది. నువ్వు దిద్దుతున్నావంటే ఆయనకు సంతోషమే.

ఆ పేజీ మాత్రం నీకు తిరిగి పంపలేను. ఇవాళ ఆయన కొంచెం చిరాగ్గా ఉన్నారు. నేను చదువుతుండగా ఎడమ చెయ్యి విసిరితే మంచినీళ్ళ గ్లాసు బోర్లాపడి కాగితం ముద్దయిపోయింది. పక్క మార్చి, బట్టలు మార్చి పడుకోబెట్టేసరికి నా నడుం పట్టేసింది. ఎండలు తగ్గితే ఆ చిరాకూ తగ్గుతుంది.

మీ వదిన

* * *

కంప్యూటర్ గది
తొలివాన

వదినకూ అన్నయ్యకూ,

అయిపోయింది! ఇవాళ పొద్దున్నే కొత్త ప్రోగ్రాం ఇచ్చిన పేర్ల కాగితం పట్టుకుని రెండు వ్యాన్లూ బయలుదేరాయి. నేను కిందికి దిగి గేటు దాకా వెళ్ళి చూశాను, పెళ్ళివారిని సాగనంపినట్టు. నంబరు లేని పేర్లను వదిలేసే వాక్యం ఒకే ఒక్కటి, చిన్నది. దాంతో మొరాయింపు పోయింది. పాత సర్వర్ ఇంకా గదిలోనే మూల గురగురలాడుతోంది. నెల తిరిగేలోపు పట్టుకుపోతారు.

అన్నయ్యా, ఈ ముక్క నీకే. నువ్వు రాసిందంతా నేను మళ్ళీ నా చేత్తో రాశాను. చిన్నప్పుడు నీ వెనకాల సైకిల్ మీద కూర్చుని, నువ్వు ఎటు ఒరిగితే నేనూ అటు ఒరిగేదాన్నే, ఇదీ అలాగే ఉంది. ఎడమ చేత్తో ఒక్క గీత గీసి పంపు. అక్షరం కాకపోయినా ఫరవాలేదు.

బుల్లి

* * *

పునరావాస వార్డు

బుల్లికి,

ఉత్తరం చూశాం. సంతోషం. ఆయన పడుకున్నారు, లేచాక చెప్తాను. గీత సంగతి తర్వాత చూద్దాం.

వదిన

* * *

కంప్యూటర్ గది
ముసురు

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మన లైబ్రరీ మామ్మ గుర్తుంది కదా. పుస్తకం పేజీ మూల మడిచానని చిన్నప్పుడు నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేసిన ఆవిడ. ఇప్పుడు ఆవిడ మా జాబితాలో మనిషి. మేడ మీద గదిలో ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే అందరికంటే ముందు ఆవిడ మెసేజే వస్తుంది, నంబరు కింద "శుభోదయం" అని కూడా ఉంటుంది. మొన్న ముసురులో ఆవిడ మెసేజ్ రాలేదు. రాలేదు కాబట్టి కొత్త ప్రోగ్రాం ఆవిడ పేరు అచ్చువెయ్యలేదు. పేరు లేదు కాబట్టి వ్యాను ఆవిడ వీధి మొదట్లోంచే తిరిగిపోయింది. కోలుకున్నవాళ్ళ పేర్లూ, ఊరెళ్ళినవాళ్ళ పేర్లూ కూడా కాగితం మీద ఉండవు కదా, ఈవిడ కూతురి దగ్గరికి వెళ్ళిందేమో అనుకున్నారు నర్సులు. సాయంత్రం మేడ మెట్ల మీదుగా నీళ్ళు కారి వస్తుంటే కింది వాటా వాళ్ళు తలుపు పగలగొట్టారు. కుళాయి తిప్పి ఉంది. ఆవిడ స్నానాల గదిలో నేల మీద పడి ఉంది. పొద్దుటినుంచీ.

ప్రాణం దక్కింది వదినా. కానీ ఇంక ఒంటరిగా ఉండే స్థితి లేదు. ఆ గది ఖాళీ చేస్తున్నారు. పుస్తకాలు ఎవరికివ్వాలో చెప్పమంటే ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుందట.

వెంటనే మూల ఉన్న పాత సర్వర్ మీద, ఆ రోజు పొద్దుటి మెసేజ్‌లన్నీ పెట్టి అన్నయ్య ప్రోగ్రామును నడిపాను. కాగితం బయటికి వచ్చింది. మొట్టమొదటి పేరు ఆవిడదే. ఎదురుగా నంబరు ఉండాల్సిన చోటు ఖాళీ.

పెద్ద సిస్టరమ్మ ఆ కాగితం చూసి ఒక్క మాటే అంది. "మీ అన్నయ్య ఉన్నప్పుడు మాకు మొదటి ఇల్లు ఎప్పుడూ మాటాపలుకూ లేని ఇల్లే అమ్మా. మేం వెళ్ళి తలుపు కొడితే సగంసార్లు చార్జింగ్ లేదనేవాళ్ళు. తిట్టుకుంటూ రెండో ఇంటికి వెళ్ళేవాళ్ళం." నేను తల ఎత్తలేకపోయాను. ఎందుకు ఆ పని చేశానని అందరూ అడుగుతున్నారు. అన్నయ్య చెప్పాడని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. రాసింది నేను, తప్పు నాది.

కానీ నిన్ను అడగకుండా ఉండలేను. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పరీక్షకు రాని పిల్లవాడు అన్నావు. అది అన్నయ్య మాట కాదు వదినా. వాడు జన్మలో ఎవరి మార్కులూ లెక్కెయ్యలేదు. అది బళ్ళో నీ మాట. వాడు ఏమన్నాడు? అసలు ఏమైనా అన్నాడా? ఆ రోజు గ్లాసు ఎందుకు బోర్లాపడింది?

కోపంతో రాయడం లేదు. కోపం ఉంది, లేదని అనను. కానీ నాకు ఇప్పుడు కావలసింది వాడి జవాబు. పాత పేజీ, నా పేజీ, రెండూ మళ్ళీ పెద్దక్షరాల్లో పంపుతున్నాను. నువ్వేమీ మాట్లాడకుండా వాడి ముందు పెట్టు. నీ మాట ఏదీ కలపకు.

బుల్లి

* * *

పునరావాస వార్డు, కిటికీ పక్క మంచం
వాన వెలిసింది

బుల్లీ,

నీ ఉత్తరం వచ్చాక రెండు పూటలు నాకు అన్నం సహించలేదు. లైబ్రరీ మామ్మ నాకూ తెలుసు. పెళ్ళైన కొత్తలో మీ అన్నయ్య నన్ను అక్కడికి తీసుకెళ్తే, "ఈ అబ్బాయి పుస్తకాలు ఆలస్యంగా తెస్తాడు, జాగ్రత్త" అని చెప్పి నా పేరు మీద కార్డు ఇచ్చింది. ఆవిడ నేల మీద పడి ఉన్న ఆ పగలంతా నా తల మీద ఉంటుంది. నువ్వు ఒక్కదానివే మొయ్యకు.

నిజం రాస్తాను. మొదటి ఉత్తరానికి ఆయన కళ్ళు మూసిన మాట నిజం. కళ్ళు మూయడమంటే అవునని నేను అనుకున్నాను. అలసిపోయినా మనిషి కళ్ళు మూస్తాడు కదా. కొన్ని జవాబులు ఆయనవి, కొన్ని నావి. ఏవి ఎవరివో నాకే తెలియకుండా పోయింది. నీ పేజీలు సరిగ్గా నడిచాయని నువ్వు రాసినప్పుడు, చూశారా నేను చెప్పలా అని ఈ వార్డంతా చెప్పుకుని తిరిగాను. ఎందుకో కూడా చెప్తాను. బొమ్మల పరీక్ష బాగా జరిగిందన్నది అబద్ధం. కప్పు ఏది, గొడుగు ఏది, కుక్క ఏది అని చూపించమంటే ఆయన ముఖం తిప్పుకున్నారు. ప్రతిసారీ అంతే. మాట అర్థం చేసుకునే శక్తి పోయిందని పెద్ద డాక్టరు తేల్చేశాడు. అలాంటివాళ్ళను వెనక బ్లాకుకు పంపుతారు. అక్కడ కడుగుతారు, తినిపిస్తారు, మాటలు మాత్రం నేర్పరు. ఈ వారం మార్చేస్తామన్నారు. నేను బతిమాలి ఆపుతూ వచ్చాను. నీ ఉత్తరాలే నా దగ్గరున్న సాక్ష్యం అనుకున్నాను. అందుకే నీకు ఏ జవాబూ లేదని రాయలేకపోయాను.

ఇంక ఆ గ్లాసు. ఖాళీ ఉన్న పేర్లను తీసెయ్యనా అని నువ్వడిగిన వాక్యం చదివాను. ఆయన అదీ అన్నారు. తీసెయ్యమంటున్నారా అని అడిగాను. అదీ, అదీ అని గొంతు పెంచి, చెయ్యి విసిరారు. గ్లాసు పడింది. నాకు నీళ్ళే కనబడ్డాయి బుల్లీ. తడిసిన పక్క కనబడింది, నా నడుంనొప్పి కనబడింది. ఆయన నాతో పోట్లాడుతున్నారని తట్టలేదు. మా కాపురంలో ఆయన గొంతు పెంచిందే తక్కువ, అదీ నా లెక్క తప్పైనప్పుడే.

ఈసారి నువ్వు చెప్పినట్టే చేశాను. నోరు కట్టుకున్నాను. ఒక్కదాన్నే చెయ్యకుండా మాటలు నేర్పే డాక్టరమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టాను. రెండు పేజీలూ ముందు పెడితే ఆయన పాత పేజీ మీద చెయ్యి పెట్టారు. "చేతికి దగ్గరగా ఉందని పెట్టారేమో" అంది ఆవిడ. ఆవిడ తప్పేమీ లేదు, వాళ్ళ పని అది. అప్పుడు నాకొకటి తోచింది. బళ్ళో చిన్నపిల్లలకు చేయించినట్టు కాగితం చీటీలు చించాను. ఒక్కొక్క చీటీ మీద ఒక పేరు, ఒక నంబరు. తాతగారు, కుట్టుపని ఆవిడ, వాచ్‌మన్, ఇలాంటివి. ఒక చీటీ మీద లైబ్రరీ మామ్మ అని మాత్రం రాసి, నంబరు రాయలేదు. అన్నీ కలిపేసి బల్ల మీద పరిచాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఎడమ చేత్తో తక్కువ నంబరున్న చీటీ పైకి జరిపారు. దాని కింద ఇంకొకటి. చీటీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. నాకు వెళ్ళి సర్దాలని ఎంత అనిపించిందో, చీర కొంగు పట్టుకుని కూర్చున్నాను. వరస మొత్తం సరిగ్గా పెట్టారు. నంబరు లేని చీటీ ఒక్కటి మిగిలింది. వదిలేస్తారనుకున్నాను. దాన్ని వేలి కింద అదిమిపట్టి, అన్ని చీటీల పక్క నుంచీ మెల్లగా లాక్కుంటూ తీసుకెళ్ళి అందరికంటే పైన పెట్టారు. పెట్టి నా వంక చూసి, నెమ్మదిగా, కోపం లేకుండా "అదీ" అన్నారు.

డాక్టరమ్మ ఇంకో కట్ట చీటీలు తనే రాసి, పేర్లూ నంబర్లూ మార్చి పెట్టింది. మళ్ళీ అంతే. ఖాళీ చీటీ మొదట. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను నెలల తరబడి ఈయనకు కుక్క బొమ్మలు చూపిస్తున్నాను" అంది. వెనక బ్లాకు మాట ఆగిపోయింది. రేపటి నుంచి చీటీలతోనే పాఠం.

నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన చెయ్యి నా తల మీద పడింది. ఈసారి దానికి ఏ అర్థమూ రాయను, పడింది అంతే.

నీకు ఉత్తరం రాస్తున్నానని చెప్పి, ఆయనకూ ఒక కాగితం, పెన్నూ ఇచ్చాను. నువ్వడిగిన గీత గీస్తారేమోనని. పెన్ను పక్కకు తోసేశారు. కాగితాన్ని మాత్రం ఒక్క చేత్తో, చాలా కష్టపడి, రెండు మడతలు పెట్టారు. కవర్లో పెట్టే దాకా నా చెయ్యి వదల్లేదు. దాని మీద ఏమీ లేదు. నేను ఏమీ కలపలేదు. ఆయన ఇచ్చింది ఇచ్చినట్టు పంపుతున్నాను.

నువ్వు ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. నాకూ మొదట్లో ఆయన ముందు కూర్చోవాలంటే భయమే వేసింది.

మీ వదిన

* * *

బస్సు స్టాండు, టికెట్ కౌంటరు ఎదురు బెంచీ

వదినా,

ఇది పోస్టులో వెయ్యను, నేనే తెచ్చి నీ చేతికిస్తాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

ప్రోగ్రాం ఆ రోజే దిద్దాను. ఈసారి సున్నా అని అబద్ధం ఆడించలేదు. నంబరు లేని పేరు ముందు, ఆ తర్వాతే మిగతావాళ్ళు అని విడమర్చి రాశాను. పైన తెలుగులో ఒక వాక్యం వివరణ కూడా పెట్టాను, నా తర్వాత వచ్చేవాళ్ళు నాలాగా అతితెలివికి పోకుండా. అన్నయ్య చూస్తే వెక్కిరిస్తాడు. వెక్కిరించనీ.

లైబ్రరీ మామ్మ దగ్గరికి వెళ్ళాను. జరిగిందంతా నా నోటితో చెప్పాను. "పేజీ మడిచే పిల్లవి నువ్వే కదూ" అంది ఆవిడ. తర్వాత ముఖం తిప్పుకుంది. క్షమించిందని నేను అనుకోవడం లేదు. మళ్ళీ వెళ్తాను.

పని ఉండి రాలేదన్నది నిజం కాదు. మొదటివారం వచ్చినప్పుడు అన్నయ్య నా వంక చూసి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నేను కిందికి వెళ్ళి టీ తాగొస్తానని చెప్పి అట్నుంచి అటే బస్సెక్కేశాను. వాడి మాట వినిపించేదాకా రాకూడదనుకున్నాను. ఫోన్లో ఊపిరి వినలేక ఉత్తరాలు పెట్టుకున్నాను. మాటలు పంపిన నీకు జవాబులు రాస్తూ, ఏమీ పంపలేని అన్నయ్యను వరసలోంచి తీసేశాను. నేను ఆ పని చేసింది ఒక్క ప్రోగ్రాములోనే కాదు వదినా.

వాడి ఖాళీ కాగితం అందింది. నా ఒళ్ళోనే ఉంది. మడతలు వంకరగా ఉన్నాయి. ఆఫీసరు నన్ను ఆపబోయాడు, ఈ వారం చాలా పనుందన్నాడు. పెద్ద సిస్టరమ్మ అడ్డుపడి, "ఆ అమ్మాయిని వెళ్ళనివ్వండి సార్" అంది.

బస్సు వచ్చింది. మొదటి ఇల్లు మీదే.

బుల్లి